ముప్పై ఆరేళ్ళకే రిటైర్మెంటా?



2023 ఫిబ్రవరి నెలాఖరున ఒకనాటి మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, మా పక్కింటి పిన్నిగారు దినపత్రిక చేత్తో పట్టుకుని వచ్చారు. "ఇదేమిటమ్మాయ్, మన సానియా మీర్జా రిటైరయిపోయిందిట! ఆ పిల్లకి పట్టుమని 36 ఏళ్ళే గదా. మీ బాబాయిగారు 58 నిండేదాకా ఆఫీసుకు వెళ్ళొచ్చారు. ఒంట్లో బాగుండలేదా ఏమిటి?" అన్నారు. ఒక్క ముక్కలో జవాబు చెబుదామనుకున్నాను. తీరా మొదలుపెట్టాక కాఫీ రెండుసార్లు కలపవలసి వచ్చింది. ఆ కబుర్లే ఇవాళ మీకూ చెబుతాను.

రిటైర్మెంటు అనగానే మన కళ్ళకు కట్టేది ఏమిటి? ఒక పూలదండ, ఒక శాలువా, ఒక గ్రూపు ఫొటో. ఉద్యోగంలో చేరిన నాడే దిగిపోయే తారీఖు కూడా కాగితం మీద ఖాయమై ఉంటుంది. మర్నాటి నుంచి పింఛను. ఆ మర్నాటి నుంచే మన వంటింటి గుమ్మంలో నిలబడి రెండో కాఫీ ఎప్పుడని అడిగే మనిషి ఒకరు ఎక్కువవుతారు, అది వేరే సంగతి లెండి.

టెన్నిస్‌ను వృత్తిగా పెట్టుకున్న అమ్మాయికి ఇవేవీ లేవు. ఆమెకు యజమాని లేడు, నెల జీతం లేదు. ఊరూరా, దేశదేశాలా జరిగే పోటీలకు తన ఖర్చులతో తానే వెళ్ళాలి. విమానం టిక్కెట్టు, హోటలు గది, నేర్పే గురువుకి జీతం, కండరాలు పట్టేస్తే సరిచేసే ఫిజియోకి జీతం, అన్నీ తన సంచీలోంచే. గెలిస్తే బహుమతి డబ్బు వస్తుంది. మొదటి ఆటలోనే ఓడితే ఆ మొదటి ఆటకు రాసిపెట్టిన కొంచెమే చేతికి వస్తుంది. అంచేత ఇక చాలు, దిగిపో అని ఉత్తర్వు ఇచ్చేవారు ఎవరూ ఉండరు. ఆ ఉత్తర్వు తనకు తానే రాసుకోవాలి. ఎప్పుడు రాసుకోవాలన్నదే చిక్కు.

ఇందులో ర్యాంకు అని ఒకటి ఉంది. పేపర్లలో ఫలానా ఆమె 27వ ర్యాంకు, ఫలానా ఆమె 1వ ర్యాంకు అని చదువుతుంటాం గదా. ఆ లెక్క ఎలా కడతారంటే, గడిచిన 52 వారాల్లో ఆడిన పోటీల్లో సంపాదించిన పాయింట్లే చూస్తారు. 53వ వారం వచ్చేసరికి పాతవి చెల్లవు. పోయినేడాది పెట్టిన ఆవకాయ ఎంత బాగా కుదిరినా, ఈ వేసవిలో మళ్ళీ కాయ కోసి కారం కలపవలసిందే గదా! ఇదీ అంతే. ఆర్నెల్లు మంచాన పడితే ర్యాంకు జారుతుంది. ర్యాంకు జారితే పెద్ద పోటీల్లో ప్రవేశమే దొరకదు. మళ్ళీ చిన్న పోటీల నుంచి ఎక్కిరావాలి. ఈ నియమం మనసులో పెట్టుకుంటే సానియా కథ బాగా బోధపడుతుంది.

1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టి హైదరాబాదులో పెరిగిన పిల్ల ఆమె. ఆరో ఏట రాకెట్ పట్టుకుంది. ఆ రోజుల్లో పేడతో అలికిన కోర్టుల మీద ఆడేవాళ్ళమని ఆమే చాలాసార్లు చెప్పుకుంది. మన వాకిళ్ళు అలికినట్టే నన్నమాట. తల్లి నసీమాగారు తీసుకువెళ్తే, పిల్ల మరీ చిన్నది, నేర్పలేను పొమ్మన్నారట మొదట. నెల తిరిగేసరికి ఆ గురువే తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లను నేను చూడలేదన్నారట. తండ్రి ఇమ్రాన్ మీర్జాగారే తర్వాత ముఖ్యమైన గురువయ్యారు.

2003లో వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ గెలిచింది. 2005 జనవరిలో మెల్బోర్న్‌లో, 18 ఏళ్ళ వయసులో, సెరీనా విలియమ్స్‌తో ఆడి ఓడింది. ఓడినా దేశమంతా ఆమె పేరు తెలిసింది. మరుసటి నెలలోనే మన హైదరాబాదులో జరిగిన పోటీలో గెలిచి, మహిళల అంతర్జాతీయ టెన్నిస్ సంఘం వారి సింగిల్స్ పోటీ నెగ్గిన మొదటి భారతీయ స్త్రీ అయింది. పొట్టి స్కర్టులేమిటని కొందరు మతపెద్దలు ఆ సంవత్సరమే ఆక్షేపించారు. పేపర్లకు నాలుగు వారాల మేత. ఆమె మాత్రం ఆడుతూ పోయింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. మన దేశపు స్త్రీ ఎవరూ అంత పైకి ఎక్కలేదు అప్పటికి.

ఇక్కడి నుంచే ఒళ్ళు మొరాయించడం మొదలైంది. సానియా బలమంతా ఫోర్‌హ్యాండులో ఉంది. అంటే కుడిచేతి వాటున బంతిని బాదడం. మణికట్టును చటుక్కున తిప్పి కొట్టేది. చూడ్డానికి మనకు ముచ్చటగా ఉండేది గాని, రోజుకు కొన్ని వందలసార్లు ఆ తిప్పుడు తిప్పితే ఎముకా నరమూ ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి? దోసెల పిండి రుబ్బి రుబ్బి మణికట్టు వాచిన మన అమ్మలనడగండి, చెబుతారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి ఆట మధ్యలోనే చెయ్యి నొప్పితో తప్పుకోవలసి వచ్చింది. తల దువ్వుకుందామన్నా చెయ్యి లేచేది కాదని తర్వాత ఆమే చెప్పింది. ఆ రోజుల్లో నెలకు పైగా గదిలోంచి బయటికి రాలేదట, కారణం లేకుండా ఏడ్చేదట, ఇక ఆడలేనేమోనని బెంగపెట్టుకుందట. అప్పటికి ఆమె వయసు 21. మన ఇళ్ళలో ఆ వయసు పిల్ల అలా తలుపు వేసుకుని కూర్చుంటే, ఏదో మొండితనం అనుకుంటాం. అది జబ్బే. నలుగురికీ తెలిసేలా ఆ సంగతి చెప్పడం కూడా ఒక ధైర్యమే నంటాను.

మోకాళ్ళకూ, మణికట్టుకూ శస్త్రచికిత్సలయ్యాయి. 2013 వచ్చేసరికి సానియా సింగిల్స్ పూర్తిగా మానేసింది. నా లెక్క ప్రకారం ఇది మొదటి రిటైర్మెంటు. దండలూ లేవు, శాలువాలూ లేవు. పైగా, ఇహ ఈ అమ్మాయి పని అయిపోయిందన్నవాళ్ళే ఎక్కువ.

సింగిల్స్‌కీ డబుల్స్‌కీ తేడా ఒక్క మాటలో చెబుతాను. టెన్నిస్ కోర్టు 78 అడుగుల పొడవు. ఒంటరి ఆటకి 27 అడుగుల వెడల్పు, జంట ఆటకి 36 అడుగులు. జంట ఆటలో వెడల్పు కాస్త ఎక్కువైనా, దాన్ని ఇద్దరు పంచుకుంటారు. పరుగు తగ్గుతుంది. మోకాళ్ళకు కొంత ఊరట. కాని బహుమతి డబ్బూ పంచుకోవాలి, పేరూ పంచుకోవాలి. జనం ఒంటరి ఆటనే గొప్పగా చూస్తారు. 27వ ర్యాంకు దాకా వెళ్ళిన మనిషి, నా ఒళ్ళు ఇంతవరకే సహకరిస్తుంది, దీనికి తగిన ఆటే ఆడతాను అని ఒప్పుకోవాలంటే అహంకారాన్ని కాస్త గూట్లో పెట్టాలి.

పెట్టింది. ఫలితం చూడండి. 2015 మార్చిలో స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జత కట్టింది. ఈ హింగిస్ ఎవరనుకున్నారు? మడమ నొప్పులతో 2003లో, 22 ఏళ్ళకే ఒకసారి ఆట మానేసి, మళ్ళీ వచ్చి, మళ్ళీ మాని, మళ్ళీ వచ్చిన మనిషి! హింగిస్ నెట్ దగ్గర నిలబడి బంతిని నేర్పుగా తోసేది. సానియా వెనక గీత దగ్గర నుంచి తన ఫోర్‌హ్యాండు ఝళిపించేది. పని తెలిసిన ఇద్దరు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా పెళ్ళి వంట చేసినట్టుండేది వాళ్ళ ఆట. ఇద్దరూ కలిసి ఆడిన మొదటి మూడు పోటీలూ వాళ్ళవే. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచంలో 1వ ర్యాంకుకి వచ్చింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ నేను టెలివిజన్‌లో చూశాను. ఆఖరి సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అయిపోయింది. మా వాళ్ళందరూ లేచి భోజనాలకి కూర్చున్నారు. అక్కడి నుంచి ఒక్కొక్క గేమూ లాక్కుని 7-5తో గెలిచారు. వడ్డన నాలుగుసార్లు ఆగింది, చారు చల్లారింది. ఆ తర్వాత అదే ఏడాది అమెరికన్ ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. ఆ ఊపులో వరసగా 41 ఆటలు ఓడలేదు. అంతకు ముందు మిక్స్‌డ్ డబుల్స్‌లో, అంటే ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి ఆడే దాంట్లో, మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి గెలిచి ఉంది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. మానేసింది అన్నాక వచ్చినవే వీటిలో ఎక్కువ.

ఇహ రెండో సంగతి. 2016లో ఆమె ఆత్మకథ వెలువడిన సందర్భంలో ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో, మరి స్థిరపడేదెప్పుడు, పిల్లలు ఎప్పుడు అన్న ధోరణిలో ప్రశ్న వచ్చింది. అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు, చేతిలో ప్రపంచ నెంబర్ వన్ ర్యాంకు! ఇంతకన్నా స్థిరపడటం ఎలా ఉంటుందో నాకైతే తెలీదు. ప్రపంచంలో మొదటి స్థానంకంటే తల్లినవడాన్నే ఎంచుకోలేదని మీకు నిరాశగా ఉన్నట్టుందే అని ఆమె అడిగింది. అడిగినాయన క్షమాపణ చెప్పుకున్నాడు, మగవాణ్ణయితే ఈ ప్రశ్న అడిగేవాణ్ణి కానని కూడా ఒప్పుకున్నాడు. మన ఇళ్ళలో పేరంటాలకు వచ్చి ఇదే ప్రశ్న అడిగేవాళ్ళు క్షమాపణ చెప్పగా నేనింతవరకు చూడలేదు.

2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెట్ ఆటగాడు షోయబ్ మాలిక్‌తో ఆమె పెళ్ళి జరిగింది. ఆ బంధం తర్వాత విడాకులతో ముగిసిందని 2024 జనవరిలో కుటుంబం వారు తెలియజేశారు. అది వారి ఇంటి విషయం. మనకు కావలసింది 2018 అక్టోబరు 30. ఆ రోజు కొడుకు ఇజ్‌హాన్ పుట్టాడు. అంతకు ఏడాది ముందు నుంచే మోకాలి నొప్పితో ఆట లేదు. ఇహ రాదులే అని మళ్ళీ అన్నారు.

బాలింతగా ఉన్నప్పటి బరువు 89 కిలోలు, తర్వాత 63 కిలోలు అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఆమే చూపించింది. 26 కిలోలు! కాన్పు తర్వాత కడుపుకు గుడ్డ కట్టుకుని, పత్యం తిని, ఏడాదికి కూడా పాత జాకెట్టు పట్టని మన సంగతి తలుచుకోండి. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో, రెండేళ్ళకు పైగా విరామం తర్వాత, ఉక్రెయిన్ అమ్మాయి నాడియా కిచెనోక్‌తో కలిసి ఆడిన మొదటి పోటీయే గెలిచింది. కథ అయితే అక్కడ శుభం కార్డు పడేది. నిజ జీవితం గనక మరుసటి వారమే పిక్క పట్టేసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి ఆటలో మధ్యలోనే తప్పుకుంది. ఆ ఏడాదే ఫెడ్ కప్ హార్ట్ అవార్డు అందుకున్న మొదటి భారతీయురాలయింది. దానితో వచ్చిన 2000 డాలర్లూ తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చింది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. 52 వారాలకు పాయింట్లు చెల్లవన్నావు గదా, మరి రెండేళ్ళు ఇంట్లో ఉన్న మనిషికి ప్రవేశం ఎలా దొరికింది అని. దాని వెనక కొందరు తల్లుల పోరాటం ఉంది. గర్భవతిగా ఉన్నప్పుడు ప్రపంచంలో మొదటి ర్యాంకులో ఉన్న సెరీనా విలియమ్స్, కాన్పయ్యాక 2018లో ఫ్రెంచ్ ఓపెన్‌కు వస్తే, ర్యాంకు 453. పోటీలోకి రానిచ్చారు గాని, పెద్ద ఆటగాళ్ళకు ఇచ్చే సీడింగ్ ఇవ్వలేదు. బిడ్డను కనడం కాలు విరగడంతో సమానమా అని నలుగురూ అడిగారు. దాని తర్వాత నియమాలు మారాయి. 2019 నుంచి, ప్రసవం అయిన తర్వాత మూడేళ్ళ లోపు, తన పాత ర్యాంకుతోనే 12 పోటీల్లో ప్రవేశించవచ్చు. 2021 టోక్యో ఒలింపిక్స్‌కు సానియా వెళ్ళింది ఇలా కాపాడుకున్న 9వ ర్యాంకుతోనే. అది ఆమెకు నాలుగో ఒలింపిక్స్. అక్కడ ఆమెను ఓడించిన జంటలో ఒకరు ఎవరనుకున్నారు? హోబర్ట్‌లో జత కట్టిన ఆ కిచెనోకే. ఇంకొకరు ఆవిడ కవల సోదరి!

ప్రసూతి సెలవులో జీతం లాంటిది మాత్రం 2025 మార్చి దాకా రాలేదు. అప్పుడు మహిళల టెన్నిస్ సంఘం ఒక నిధి పెట్టి, తల్లులైన వారికి 12 నెలల వరకు డబ్బు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ సంఘం పుట్టింది 1973లో. ఎన్నేళ్ళు పట్టిందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకి వద్దాం. 2022 జనవరిలో మెల్బోర్న్‌లో మొదటి ఆట ఓడిన రోజున సానియా, ఇదే నా ఆఖరి సంవత్సరం అని చెప్పేసింది. దెబ్బ తగిలితే మానడానికి ఎక్కువ రోజులు పడుతోంది, మోకాలు నొప్పిగా ఉంది, మూడేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఇన్ని దేశాలు తిరగడం వాడికి మంచిది కాదు అన్నది కారణం. కరోనా రోజులు గదా అవి. వారం తిరక్కుండానే, తొందరపడి చెప్పానేమో, ఇహ ప్రతివాళ్ళూ ఇదొక్కటే అడుగుతున్నారు అని విసుక్కుంది కూడా. అదే సంవత్సరం ఆగస్టులో మోచేతికి దెబ్బ తగిలి, ఆఖరిదనుకున్న అమెరికన్ ఓపెన్‌కే వెళ్ళలేకపోయింది. చాలామంది అక్కడితో సరిపెట్టుకునేవారు. ఆమె సరిపెట్టుకోలేదు. నా అంతట నేను ఆపాలి గాని, దెబ్బ వచ్చి నన్ను ఆపడం నాకిష్టం లేదు అన్న అర్థం వచ్చేలా చెప్పి, చెయ్యి బాగయ్యేదాకా ఆగింది.

అదే ఏడాది సెరీనా కూడా ఆట మానింది. ఆ సందర్భంలో ఆవిడ రాసిన వ్యాసంలో ఒక మాట ఉంది. నేను మగవాణ్ణయితే ఇది రాసే పనే ఉండేది కాదు, కుటుంబం పెంచే శ్రమ భార్య పడుతుంటే నేను ఆడుకుంటూ ఉండేవాణ్ణి అని దాని సారాంశం. ఆవిడకు అప్పటికి ఒక కూతురు, రెండో బిడ్డ కావాలని ఉంది. అదే సెప్టెంబరులో స్విట్జర్లాండు ఆటగాడు రోజర్ ఫెడరర్ 41 ఏళ్ళ వయసులో రిటైరయ్యాడు, నలుగురు పిల్లల తండ్రిగా. ఆయన మోకాలి నొప్పీ నిజమే, పాపం. కాని ఆ పిల్లలు పుట్టినప్పుడు ఆయన ర్యాంకు జారలేదు.

2023 జనవరి 27న మెల్బోర్న్‌లో సానియా తన చివరి గ్రాండ్‌స్లామ్ ఆడింది, రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్. 14 ఏళ్ళప్పుడు ఆమెకు మొట్టమొదటి మిక్స్‌డ్ డబుల్స్ జత ఈ బోపన్నే. బ్రెజిల్ జంట చేతిలో ఓడిపోయారు. మైకు ముందు, నా ప్రయాణం ఈ ఊళ్ళోనే మొదలైందని చెబుతూ గొంతు పూడుకుపోయింది. నాలుగేళ్ళ కొడుకు చూస్తుండగా గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడతానని ఎన్నడూ అనుకోలేదంది.

ఆఖరి పోటీ మాత్రం చప్పగా ముగిసింది. ఫిబ్రవరి 21న దుబాయిలో, మాడిసన్ కీస్‌తో కలిసి, మొదటి ఆటలోనే 4-6, 0-6. పిన్నిగారు పేపర్లో చదివింది అదే. "అయ్యో, సున్నాతో దిగిపోయిందా!" అని నొచ్చుకున్నారావిడ. నాకూ కొంచెం నొప్పి అనిపించింది గాని, తన తారీఖు తాను రాసుకున్న మనిషికి ఆ సున్నా అంత పెద్దది కాదనిపించింది.

మార్చి 5న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో, 2005లో తాను సింగిల్స్ గెలిచిన చోటే, బోపన్న, కారా బ్లాక్, బెథనీ మాటెక్-సాండ్స్ వంటి పాత నేస్తాలతో సరదా ఆటలు ఆడి సెలవు తీసుకుంది. ఈసారి పిన్నిగారూ నేనూ కలిసే టెలివిజన్ ముందు కూర్చున్నాం.

"ఇహ ఇంటిపట్టున ఉంటుందన్నమాట," అన్నారు పిన్నిగారు.

ఇంటిపట్టునా! దుబాయి పోటీకి ముందే, ఫిబ్రవరిలోనే, ఆడపిల్లల క్రికెట్ లీగులో బెంగళూరు జట్టుకు మార్గదర్శిగా ఉండటానికి ఒప్పుకుంది. 2013 నుంచే హైదరాబాదులో టెన్నిస్ నేర్పే అకాడమీ నడిపిస్తోంది. ఈ మాట చెప్పేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి నావంక చూశారు.

"క్రికెట్టా? ఆ పిల్ల ఆడింది టెన్నిస్ గదుటే!"

బ్యాటు పట్టడం నేర్పడానికి కాదు పిన్నిగారూ, ఇరవై ఏళ్ళ పిల్లలు ఓడిన రాత్రి గదిలో తలుపేసుకుని కూర్చుంటారు చూడండి, ఆ తలుపు తట్టడానికి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మూడో కాఫీ తానే కలుపుతానని లేచారు.